దవాఖానలో మన పేరు
(తార్నాకలో జరిగిన మన సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగము)



మేము ఉర్దూ మీడియం పాఠశాలలో లెక్కలు చెప్పుకొని బ్రతికేవారము. దవాఖాన రికార్డుల సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడమని కార్యదర్శి గారు అడిగినప్పుడు, "భాయ్ సాబ్, అది మన ఇంజనీరింగ్ పిల్లలు చెప్పవలసిన సంగతి, మాకెందుకు?" అన్నాము. "పిల్లలు సాఫ్ట్‌వేర్ చేసినారు. పేర్ల దగ్గర కూర్చున్నది మీరే గదా!" అన్నారు. ఆ మాట నిజమే గనుక ఒప్పుకొన్నాము. మా తెలుగులో ఉర్దూ పలుకుబడి వినిపిస్తే మన్నించాలి. మన ఇళ్ళలో ఈనాడు చాలామంది పిల్లలకు తెలుగు అక్షరాలే బాగా వస్తున్నవి. వారు కూడా చదవాలని తెలుగులోనే చెప్పుచున్నాము.

ముందుగా ఒక పాత సంగతి. 1897వ సంవత్సరం ఆగస్టు 20వ తేదీన బేగంపేటలో రొనాల్డ్ రాస్ అనే సైనిక వైద్యుడు ఒక దోమ కడుపును సూక్ష్మదర్శినిలో చూచి, మలేరియా జ్వరం దోమ ద్వారా వస్తుందనే దారి పట్టుకొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. బేగంపేటలోని ఆ భవనం తరువాత మన ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది. ఆ దోమ కుట్టినది ఎవరిని? హుసేన్ ఖాన్ అనే ఒక జ్వరపీడితుని. ఒక్కొక్క దోమ కాటుకు ఒక అణా చొప్పున రాస్ ఆయనకు డబ్బు ఇచ్చినాడు. ఆ పేరు తన కాగితాలలో వ్రాసుకొన్నాడు. వ్రాసినందువల్లనే నూట పాతిక సంవత్సరాలు దాటినా ఆ బీదమనిషి మనకు మిగిలినాడు.

అయితే ఒక తమాషా ఉన్నది. ఇంగ్లీషు పుస్తకాలలో హుసేన్ అనే ఆ పేరు ఒకచోట ఒక 'ఎస్'తో, మరొకచోట రెండు 'ఎస్'లతో, ఒకచోట 'ఇ'తో, ఇంకొకచోట 'ఎ'తో కనిపిస్తుంది. చదివేవాడు మనిషి కాబట్టి ఇవన్నీ ఒక్క మనిషి పేర్లే అని గ్రహిస్తాడు. కంప్యూటరుకు చెప్పనిదే తెలియదు. దాని లెక్కలో వాళ్ళు ముగ్గురో నలుగురో. ఈ రోజు మేము చెప్పదలచుకొన్నది ఈ ముక్కే. మిగిలినదంతా దాని వివరణ.

మా ఇంటి సంగతి చెప్పకుండా ముందుకు పోలేము. మా అబ్బా పేరు 'మహమ్మద్' అనే మాటతో మొదలౌతుంది. ఈ సభలో సగంమంది పేర్లు అంతే. నగరంలోని ఒక పెద్ద దవాఖానలో 2019లో ఆయన పేరు పూర్తిగా వ్రాసినారు. అప్పటికే ఆయనకు షుగరు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవి, నొప్పులకు వాడే ఫలానా రకం మాత్రలు, సూదిమందులు ఈయనకు ఇవ్వకూడదు అని డాక్టరు గారు కంప్యూటరులో వ్రాసినారు. మాకు నోటితో కూడా చెప్పినారు. 2023లో అబ్బా మెట్ల మీద జారి పడినారు. రాత్రి పూట అదే దవాఖానకు తీసుకొనిపోయినాము. కంగారులో పాత ఫైలు ఇంట్లోనే ఉండిపోయింది. కౌంటరులో ఉన్న అబ్బాయి ఆధార్ కార్డు అడిగినాడు. దాని మీద మహమ్మద్ అనే మాట 'ఎం', 'డి' అనే రెండే అక్షరాలుగా ఉన్నది. అతడు అట్లాగే కొట్టినాడు. "పాతది ఏమీ రావడం లేదు సార్, కొత్త నంబరు చేస్తున్న" అన్నాడు. మేము "సరే నాయనా, త్వరగా కానీ" అన్నాము.

కొత్త నంబరుకు కొత్త ఫైలు. అందులో కిడ్నీల మాట లేదు. నొప్పికి అయిదు రోజులు అవే మందులు పడినవి. ఆరవ రోజు కాళ్ళు, ముఖము వాచినవి. పాత ఫైలు ఇంటినుండి తెచ్చి చూపించిన తరువాత గాని సంగతి బయటపడలేదు. ఇప్పుడు అబ్బాకు వారానికి రెండుసార్లు డయాలిసిస్ జరుగుతున్నది. అదంతా ఆ అయిదు రోజుల వల్లనే అని మేము అనలేము. కిడ్నీలు ముందే చెడినవి. కాని ఆ అయిదు రోజులు కూడా ఆ లెక్కలో ఉన్నవి. డాక్టరును తప్పు పట్టలేము, ఆయన ఎదుట తెరమీద ఆ ముక్క లేదు. కౌంటరు అబ్బాయిని తప్పు పట్టలేము, కార్డు మీద ఉన్నదే కొట్టినాడు. మరి ఈ తప్పు ఎక్కడ పుట్టింది? ఈ ప్రశ్న మమ్ములను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

ఇటువంటి రోజులలోనే మన సంఘం ఆదివారం వైద్యశాల సంగతి వచ్చింది. మీకందరికీ తెలిసినదే: ఒక గది, ఇద్దరు డాక్టర్లు, ఒక బల్ల, నాలుగు లావుపాటి రిజిస్టర్లు. రోగి మరల వచ్చినప్పుడు పాత పేజీ వెదకడానికి పావుగంట పట్టేది. క్యాంపస్‌లో ఇంజనీరింగ్ చదివే ముగ్గురు పిల్లలు, ఇద్దరు అబ్బాయిలు, ఒక అమ్మాయి, చివరి సంవత్సరం ప్రాజెక్టుగా దీనికి సాఫ్ట్‌వేర్ చేస్తామన్నారు. రిజిస్టర్లలో సగం ఉర్దూలో ఉన్నవి గనుక చదివి చెప్పడానికి మమ్ములను కూర్చోబెట్టినారు. బడి వదిలిన తరువాత తార్నాక చౌరస్తాలో దిగి క్యాంపస్‌లోనికి నడిచిపోయేవారము. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద ఎన్ని సాయంకాలాలు ఆ రిజిస్టర్లు తిరగవేసినామో లెక్క లేదు.

మొదటి రోజే చిక్కు వచ్చింది. పిల్లల తెరమీద రెండు గళ్ళు ఉన్నవి: ఒకటి అసలు పేరుకు, ఒకటి ఇంటిపేరుకు. రెండవది నింపనిదే ముందుకు పోదు. మన ఆడవారిలో ఎంతమందికి ఇంటిపేరు ఉన్నది? పెళ్ళికి ముందు 'బీ', పెళ్ళి తరువాత 'బేగం', రేషను కార్డులో ఒకటి, ఓటరు కార్డులో ఒకటి. "ఇంటిపేరు లేకపోతే ఏం చేస్తరు బేటా?" అని అడిగితే, "చుక్క పెట్టమంటాం సార్" అన్నాడు ఒకడు. అమ్మాయి నవ్వి, "మా నానీ పేరు చుక్కా?" అన్నది. ఆనాడే ఆ రెండు గళ్ళు పోయి, మనిషి తన పేరు ఎట్లా చెప్పుకొంటే అట్లా వ్రాసే ఒకే పెద్ద గడి వచ్చింది. దాని ప్రక్కన తండ్రి పేరో, భర్త పేరో, తల్లి పేరో వ్రాసే గడి.

రెండవ చిక్కు వ్రాత. ఉర్దూలో మహమ్మద్ అనే మాటకు ఒకటే వ్రాత. ఇంగ్లీషులో పది వ్రాతలు. జాకిర్ అనే పేరు 'జెడ్'తో మొదలు కావలసినది. తెలుగులో ఆ ధ్వనికి అక్షరం లేదు గనుక 'జె'తో పడుతుంది. ఖాదర్ ఒకచోట 'కె'తో, ఒకచోట 'క్యూ'తో. ఫాతిమా ఒకచోట 'ఎఫ్'తో, ఒకచోట 'పి', 'హెచ్'లతో. ఇటువంటి పేర్లను కలపడానికి ఒక పాత ఉపాయం ఉన్నదని పిల్లలు చెప్పినారు. పేరు సౌండెక్స్. అమెరికాలో రాబర్ట్ రస్సెల్ అనే ఆయన 1918లో దీనికి పేటెంటు పొందినాడు. మన ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టిన సంవత్సరం కూడా అదే.

ఆ ఉపాయం లెక్కల మాస్టరుకు నచ్చేది. పేరులో మొదటి అక్షరం ఉంచాలి. అచ్చులను తీసివేయాలి. దగ్గరగా పలికే హల్లులకు ఒకే అంకె ఇవ్వాలి: 'డి', 'టి'లకు 3; 'ఎం', 'ఎన్'లకు 5; 'ఆర్'కు 6; ఇట్లా. మహమ్మద్‌ను ఎన్ని విధాల పూర్తిగా వ్రాసినా ఎం-530 అనే వస్తుంది. ఎంత చక్కగా ఉన్నది! కాని 'ఎం', 'డి' అని రెండక్షరాలు వ్రాస్తే ఎం-300 వస్తుంది. అంటే మా అబ్బా ఇక్కడ కూడా ఇద్దరే. జాకిర్ ఒకసారి జెడ్-260, ఒకసారి జె-260. మొదటి అక్షరం మారితే ఆ ఉపాయం చేతులెత్తేస్తుంది. అమెరికా పేర్లకు కుట్టిన అంగీ మనకు భుజాల దగ్గర బిగుసుకొన్నది.

కాబట్టి మేము, పిల్లలు కలిసి ఒక జాబితా వ్రాసినాము. పొట్టివ్రాతలు కనబడితే ముందు పూర్తి పేరుగా మార్చుకొని చూడాలి. 'క్యూ', 'కె' ఒకటిగా చూడాలి. 'జెడ్', 'జె' ఒకటిగా, 'ఎఫ్', 'పి-హెచ్' ఒకటిగా చూడాలి. మార్చుకొనేది వెదకడానికి మాత్రమే; మనిషి పేరు మనిషి చెప్పినట్లే ఉంటుంది. నాలుగు రిజిస్టర్లు ఎక్కించిన తరువాత వెదికితే, ఒకే అమ్మ నాలుగు పేర్లతో నాలుగు చోట్ల దొరికింది. ఆమె తన నాలుగు పేజీలు ఒకచోట చూచుకొని, "నేను ఇన్నిసార్లు వచ్చిన్నా?" అని ఆశ్చర్యపడింది. బి.పి. ఏడాదికేడాది ఎట్లా పెరిగిందో డాక్టరమ్మ ఆనాడు మొదటిసారి చూడగలిగినారు.

ఇక్కడ ఉత్సాహం ఎక్కువై ఒక తప్పు చేసినాము. దాచకుండా చెప్పాలి. ప్రక్క వీధి ల్యాబుకు సొంత సాఫ్ట్‌వేర్ ఉన్నది, సొంత నంబర్లు ఉన్నవి. వారి రిపోర్టులు నేరుగా మన సాఫ్ట్‌వేర్‌లోనికి వచ్చేటట్లు పిల్లలు కలిపినారు. దేనిని పట్టి కలిపినారు? పేరు, వయసు, ఫోను నంబరు. రెండవ ఆదివారమే ఒకామెకు షుగరు మూడువందలు దాటినట్లు రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ చూచి, "ఈమెకు షుగరు లేదే! పోయిన నెల నేనే చూచిన" అన్నారు. విచారిస్తే అదే వీధిలో అదే పేరు, అదే వయసు గల తోడికోడలు. ఇంటికంతా ఫోను ఒకటే, అది పెద్దకొడుకుది. అంటే ఒక మనిషిని ఇద్దరు చేయడం ఒక రకం తప్పు. ఇద్దరిని ఒక్కరు చేయడం మరొక రకం తప్పు. ఈ రెండవది ఇంకా చెడ్డది. మొదటి దానిలో కాగితం ఖాళీగా కనబడుతుంది, డాక్టరుకు అనుమానం రావచ్చు. రెండవ దానిలో కాగితం నిండుగా ఉంటుంది, కాని అది మరొకరిది.

ఆనాటి నుండి మూడు కట్టుబాట్లు పెట్టుకొన్నాము. రక్తం తీసే సీసా మీద మన నంబరు చీటీ అంటించాలి. రిపోర్టు ఆ నంబరుతోనే రావాలి, పేరుతో కాదు. రెండు పేజీలు ఒకరివే అని అనిపిస్తే యంత్రం వాటిని చూపించవచ్చును గాని తనంతట తాను కలపరాదు. బల్ల దగ్గర కూర్చున్న మనిషి అడిగి, తండ్రి పేరు, ఊరు విని కలపాలి. కలిపినది తప్పని తేలితే మరల విడదీయగలగాలి. అంటే పాత నంబరును చెరిపివేయరాదు. మన పాత గుమాస్తాలు తప్పు వ్రాస్తే రబ్బరుతో చెరిపేవారా? ఒక గీత కొట్టి, ప్రక్కన వ్రాసి, సంతకం చేసేవారు. క్రింద ఏమున్నదో కనబడుతూనే ఉండేది. సాఫ్ట్‌వేర్ కూడా అట్లాగే ఉండాలి.

ఇంకొక సంగతి. గల్ఫ్ నుండి వచ్చిన ఒకాయన అక్కడి రిపోర్టు తెచ్చినాడు. పరగడుపు షుగరు 7 అని ఉన్నది. మన దగ్గర 126 అంటాము. రెండూ ఒకటే! అక్కడి ల్యాబు వారు మిల్లీమోల్ లెక్కలో వ్రాసినారు, మన వారు మిల్లీగ్రాముల లెక్కలో వ్రాస్తారు. ఒకటిని పద్ధెనిమిదితో గుణించాలి. మన సాఫ్ట్‌వేర్ 7 అనే అంకెను మిల్లీగ్రాములు అనుకొన్నది. బ్రతికి ఉన్న మనిషికి సాధారణంగా ఆ అంకె ఉండదు గనుక తీసుకోలేదు, మంచిదయింది. అంకెతో పాటు కొలత కూడా ప్రయాణం చేయాలి. ఇది మేము బడిలో రోజూ పిల్లలకు చెప్పేదే: "యూనిట్ వ్రాయకపోతే మార్కు లేదు."

జబ్బుల పేర్లు కూడా ఇట్లాగే. ఒక డాక్టరు 'షుగరు' అని, ఒకరు 'డయాబెటిస్' అని, ఒకరు రెండక్షరాలు వ్రాస్తారు. పాత ఉర్దూ పేజీలలో 'జియాబెతస్' అని ఉన్నది. తెలుగులో మధుమేహం. ఈ అన్నిటికీ ప్రపంచమంతా ఒప్పుకొన్న గుర్తు ఒకటి ఉన్నది. అంతర్జాతీయ జాబితా పదవ కూర్పులో రెండవ రకం మధుమేహానికి ఇ-11 అని గుర్తు. ఆ గుర్తు వ్రాస్తే ఏ భాషవాడైనా గ్రహిస్తాడు. ఇది విన్నప్పుడు మాకు మన క్యాంపస్ చరిత్రే గుర్తు వచ్చింది. 1917లో నిజాం ప్రభుత్వం దారుల్ తర్జుమా స్థాపించింది. వైద్యము, గణితము, ఇంజనీరింగ్ ఉర్దూలో చెప్పాలంటే ముందు పుస్తకాలు కావాలి; పుస్తకాలకు ముందు మాటలు కావాలి. ఒక్కొక్క శాస్త్రపదానికి ఒకే మాట ఉండాలని పండితులు కూర్చొని వాదించుకొని నిర్ణయించినారు. ఆ పని ఎట్లా చేయాలో ఉస్మానియా ఆచార్యులు వహీదుద్దీన్ సలీమ్ 'వజె ఇస్తిలాహాత్' అనే గ్రంథమే వ్రాసినారు. తరువాత కాలంలో బోధనాభాష మారిపోయింది, అది వేరే సంగతి. కాని అనువాదం చేసేవారు ముందుగా ఒక మాట మీద నిలబడాలి అని వారు గ్రహించినది, ఈనాడు దవాఖాన సాఫ్ట్‌వేర్లను కలిపేవారు మరల నేర్చుకొంటున్నారు. భారత ప్రభుత్వం వైద్య రికార్డుల ప్రమాణాలను 2013లో ప్రకటించి 2016లో సవరించినది ఇందుకే.

మన ఒక్క గది వైద్యశాల సంగతి ఇంత ఉంటే, పెద్దవారి సంగతి చూడండి. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి వారు 'ఐస్మార్ట్' అనే రికార్డుల సాఫ్ట్‌వేర్‌ను తామే తయారు చేసుకొన్నారు. పల్లెటూరి కంటి కేంద్రంలో వ్రాసినది నగరంలో పెద్ద డాక్టరు చూడగలుగుతాడు. మన తార్నాక ప్రక్కన లాలాగూడలో రైల్వే వారి కేంద్ర ఆసుపత్రి ఉన్నది; ఈ సభలో రైల్వేలో పనిచేసి రిటైరైన పెద్దలు ఉన్నారు. రైల్వే వారు 125 ఆసుపత్రులను, 650 పాలీక్లినిక్కులను ఒకే సాఫ్ట్‌వేర్‌లోనికి తెచ్చే పనిని రైల్‌టెల్ సంస్థకు అప్పగించి, 2021 ఆరంభంలో మన దక్షిణ మధ్య రైల్వేలో ప్రయోగాత్మకంగా మొదలు పెట్టినారు. వారి వైద్య గుర్తింపు కార్డు పేరు 'ఉమీద్'. ఉర్దూలో ఆ మాటకు ఆశ అని అర్థం. రైల్వే ఉద్యోగికి ఒక మేలు ఉన్నది: ఉద్యోగంలో చేరిన రోజునుండి అతని పేరు ఒక్క తీరుగా ఉంటుంది. మన ఆటో నడిపేవారికి, టైలర్లకు, ఇంటి పట్టున ఉండే ఆడవారికి ఆ మేలు లేదు.

2021 సెప్టెంబరు 27న దేశమంతటికీ ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ మొదలైంది. అందులో మనిషికి 14 అంకెల ఆరోగ్య నంబరు ఇస్తారు, ఆభా అంటారు. రికార్డులన్నీ ఒకచోట పోగు చేయరు. ఏ దవాఖానలో వ్రాసినది ఆ దవాఖానలోనే ఉంటుంది, మనం ఒప్పుకొంటే ఇంకొక డాక్టరుకు కనబడుతుంది. మంచి ఏర్పాటే. కాని ఆధార్‌తో ఈ నంబరు తీసుకొంటే ఆధార్ మీద ఉన్న పేరే అక్కడికి పోతుంది. కార్డు మీద ఉన్న తప్పు, ఒక కాలువ నీరు పది పొలాలకు పారినట్లు, అన్ని దవాఖానలకు పారుతుంది. యంత్రాలను ఎంత బాగా కలిపితే తప్పు అంత బాగా కలుస్తుంది!

అందుచేత కాగితాన్ని పారవేయకండి. 2022 నవంబరు 23న ఢిల్లీలోని ఎయిమ్స్ కంప్యూటర్ల మీద దొంగలు దాడి చేసినారు. అంత పెద్ద దవాఖాన సుమారు రెండు వారాలు చేతివ్రాతతో నడిచింది. అటువంటి చోటనే అట్లా అయితే మన గది ఎంత? మేము ప్రతి ఆదివారం సాయంకాలం రికార్డుల నకలు తీసి వేరే చోట పెట్టుచున్నాము. ప్రతి రోగి చేతిలో ఒక చిన్న కార్డు పెట్టుచున్నాము. దాని మీద నంబరు, పడని మందు, నడిచే మందులు ఉంటవి.

గోప్యం గురించి కూడా ఒక మాట. మనం ఒకరి ఇంటి సంగతి ఒకరికి తెలిసిన మొహల్లా వారము. ఫలానా వారి అమ్మాయికి టి.బి. మందులు నడిచినవట అనే మాట బయటికి పోతే నిశ్చయమైన పెళ్ళి ఆగిపోతుంది. కాబట్టి రోగి పేజీ డాక్టరు మాత్రమే తెరుస్తారు. బల్ల దగ్గర వారికి పేరు, నంబరు మాత్రమే కనబడతవి. ఎవరు ఎప్పుడు తెరిచినారో యంత్రం వ్రాసుకొంటుంది. ఒకసారి పాస్‌వర్డు గోడమీద కాగితం మీద కనిపిస్తే అమ్మాయి చించివేసి, "సార్, ఇంటి తాళం గుమ్మానికి వ్రేలాడదీస్తారా?" అని అడిగింది. మన సంఘం అధ్యక్షులవారికి కూడా ఏ పేజీ తెరిచే అధికారం లేదు. ఈ నియమాన్ని వారే ముందు ఒప్పుకొన్నారు. వారికి మా కృతజ్ఞతలు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. తప్పు ఎక్కడ పుట్టింది?

ఆ నాలుగు రిజిస్టర్లు ఎక్కించేటప్పుడు పిల్లలు ఒక విచిత్రం చూపించినారు. రోగులలో చాలామంది పుట్టిన తేదీ జూన్ ఒకటి! "సార్, మనవాళ్ళందరూ ఒకే రోజు పుట్టిన్రా?" అని అడిగినారు. మేము జవాబు చెప్పలేకపోయినాము. ఎందుకంటే ఆ తేదీ వ్రాసేది మేమే. మా వంటి ఉపాధ్యాయులమే. తల్లి బిడ్డను తెచ్చి, "వానలు పడేటప్పుడు పుట్టినడు సార్" అంటే, బడిలో చేర్చుకొనే వయసుకు సరిపోయేటట్లు ఒక తేదీ వేసేస్తాము. అడ్మిషన్ రిజిస్టరులో పేరు గడి ఇరుకు. మహమ్మద్ అని పూర్తిగా వ్రాస్తే తండ్రి పేరుకు చోటు చాలదు. అందుకని రెండక్షరాలు వేసి చుక్క పెడతాము. ఇన్నేళ్ళుగా ఎన్ని వందల మందికి ఆ చుక్క పెట్టినామో! ఆ రిజిస్టరు నుండి టి.సి., దాని నుండి పదవ తరగతి మెమో, దాని నుండి కార్డులు, వాటి నుండి దవాఖాన కంప్యూటరు. మా అబ్బా పేరును కుదించిన కలం ఎవరిదో ఏమో గాని, ఆ కలం వంటిదే మా జేబులో కూడా ఉన్నది. సాఫ్ట్‌వేర్ వ్రాసేది ఇంజనీర్లని అనుకొంటాము. దాని మొదటి అక్షరం వ్రాసేది మంత్రసాని కాగితము, బడిపంతులు, రేషను గుమాస్తా.

కాబట్టి మనము చేయవలసినవి కొన్ని మనవి చేస్తున్నాము.

1. ఇంటికి పోయిన తరువాత ఇంటిల్లిపాది కార్డులు పరచి చూచుకోండి. పేరు ఎన్ని తీర్లుగా ఉన్నదో లెక్కపెట్టండి. ఒక్క వ్రాతను ఎంచుకొని మిగిలినవి దిద్దించుకోండి. ఇందుకు ప్రతి ఆదివారం వైద్యశాల ప్రక్కనే ఒక బల్ల వేస్తాము. ఫారాలు నింపడానికి మేము కూర్చుంటాము.

2. దవాఖానకు పోయినప్పుడు "కొత్త నంబరు చేస్తున్న" అంటే, "నాయనా, పాత పేరు ఇంకొక తీరుగా వెదకు, ఫోను నంబరుతో, తండ్రి పేరుతో చూడు" అని ఓపికగా చెప్పండి. మేము ఆ రాత్రి "సరే, త్వరగా కానీ" అన్నాము. మీరు అట్లా అనకండి.

3. పడని మందు పేరు ఇంట్లో ఒక్కరికే తెలిసి ఉండరాదు. కార్డు మీద వ్రాసి జేబులో పెట్టండి.

4. దవాఖానలో చేరి చికిత్స పొందిన వారి రికార్డులను మూడు సంవత్సరాలు ఉంచాలని, రోగి అడిగితే 72 గంటలలో ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నియమావళిలో ఉన్నది. అడగండి, మర్యాదగా అడగండి, తెచ్చుకొని దాచుకోండి. 2023లో పార్లమెంటు చేసిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టంలో మన సమాచారంలోని తప్పు దిద్దించుకొనే హక్కు చెప్పబడినది. దాని నియమాలు 2025 నవంబరులో ప్రకటించబడినవి. దశలవారీగా అమలులోనికి వస్తవి.

5. ఇంజనీరింగ్ చదివే బిడ్డలారా! మీరు రేపు ఏ కంపెనీలో ఏ దవాఖానకు సాఫ్ట్‌వేర్ చేసినా, పరీక్ష చేసేటప్పుడు పుస్తకంలోని పేర్లు కొట్టి సరిపోయిందనుకోకండి. మీ నానీ పేరు కొట్టి చూడండి. మన పేర్లు మాత్రమే కాదు. ఇంటిపేరు ముందు వ్రాసుకొనే తెలుగువారి పేర్లు, తండ్రి పేరు మొదటి అక్షరంగా పెట్టుకొనే తమిళుల పేర్లు, ఒక్క మాట పేరు గల గిరిజనుల పేర్లు కూడా కొట్టి చూడండి. తెర ఎక్కడ మొండికేస్తే అక్కడ ఒక రోగి బయట నిలబడి ఉన్నాడని గుర్తు పెట్టుకోండి.

ఆ ముగ్గురు పిల్లల ప్రాజెక్టు పూర్తయింది. ఇద్దరు ఉద్యోగాలకు పోయినారు. అమ్మాయి పై చదువు చదువుతూ ఇప్పటికీ ఆదివారం వచ్చి కూర్చుంటున్నది. ఆమె చోటు తీసుకోవడానికి ఇంకొక ఇద్దరు కావాలి. సాఫ్ట్‌వేర్ కట్టిన ఇల్లు వంటిది. ఏటేటా సున్నం వేయకపోతే కురుస్తుంది. ఈ సభలో కూర్చున్న తల్లిదండ్రులు తమ బిడ్డలను పంపుతారని ఆశిస్తున్నాము.

మొన్న జూన్‌లో బడి తెరిచిన రోజు ఒక తల్లి కొడుకును తీసుకొని వచ్చింది. పేరు అడిగినాము, చెప్పింది. మొదటి మాట మహమ్మద్. చేయి అలవాటుగా రెండక్షరాల దగ్గర ఆగింది. ఆపి, పూర్తిగా వ్రాసినాము. గడిలో చోటు చాలలేదు. క్రింది గీత దాటి రెండవ వరుసలోనికి పోయింది. హెడ్‌మాస్టరు గారు చూచి, "ఏం సాబ్, రిజిస్టరు ఖరాబు చేసిన్రు" అన్నారు. "కానివ్వండి సార్, రిజిస్టరు ఖరాబైతే ఫరవాలేదు" అన్నాము.